కత్తిరించిన స్ట్రిప్పు

ఈ దేశంలో నాకు దొరికిన మొదటి ఉద్యోగం, విరాళంగా వచ్చిన మందులను ఏరి వేరు చేయడం. ఫార్మసీ చదివినవాడికి ఇదొక పనా అనుకున్నాను.

మొదటి అట్టపెట్టె నిండా ఇళ్లలో మిగిలిపోయిన మందులే. ఒక స్ట్రిప్పులో నాలుగు మాత్రలున్నాయి. గడువు తేదీ అచ్చయిన వైపే ఎవరో కత్తెరతో కోసుకున్నారు. దీపం కింద అటూ ఇటూ తిప్పి చూశాను. పేరులో మూడక్షరాలు మిగిలాయి, తేదీ లేదు. సూపర్‌వైజరు ఎర్ర డబ్బా వైపు వేలు చూపించింది. నాకు మనసొప్పలేదు. మాత్రలు కొత్తవాటిలా మెరుస్తున్నాయి మరి.

ఆ వేలు వెనక ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లో మరికొన్ని సంస్థలతో కలిసి తెచ్చిన మార్గదర్శకాలున్నాయి. రోగులు తిరిగిచ్చినవి, ఉచిత నమూనాలు పంపకూడదు. అందుకునే దేశం అడిగినవే పంపాలి. చేరేసరికి సాధారణంగా ఏడాదైనా గడువు మిగిలి ఉండాలి. 1988 భూకంపం తర్వాత ఆర్మేనియాకు 5,000 టన్నుల మందులు, సామగ్రి వచ్చిపడితే, ఏమేమి వచ్చాయో తేల్చడానికే 50 మందికి ఆరు నెలలు పట్టింది. మందుల్లో 8 శాతానికి అప్పటికే గడువు తీరిపోయింది. కూలిన ఇళ్ల మధ్య వాళ్లతో చేయించింది నా పనే. దాన్ని ఇక్కడే ముగించి పంపాల్సింది కదా!

నాకు చప్పున తలకెక్కిన నియమం మాత్రం లేబుల్‌ది. అక్కడి వైద్య సిబ్బందికి తెలిసిన భాషలో, జెనరిక్ పేరుతో, అంటే కంపెనీ పెట్టిన పేరు కాక మందు అసలు పేరుతో ఉండాలి. నేను వచ్చిన కొత్తలో జ్వరం తగిలితే పక్కగది అతను ఒక మందు సీసా ఇచ్చాడు. ఇక్కడి భాషలో అప్పటికి నాకు అంకెలే వచ్చు. అదేమి మందో, ఎంత తాగాలో తెలియక సీసాను కిటికీలో పెట్టి దుప్పటి కప్పుకున్నాను. ఫార్మసీ పట్టా పెట్టెలోనే ఉంది.

నిన్న ఒక పెద్దావిడ సంచితో వచ్చింది. భర్త పోయాక మిగిలిన ఇన్సులిన్ అట. ఎంత వేడిలో ఉందో, ఎన్నాళ్లుందో ఎవరు చెప్పగలరు? పంపలేమని వచ్చీ రాని భాషలో చెప్పాను. ఆవిడ తల ఊపింది గానీ కదల్లేదు. సంచి అడుగున సీలు తీయని గాజుగుడ్డ చుట్టలు ఆరు కనిపించాయి. తేదీలు చూశాను, బాగానే ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి, ఆవిడకు కనిపించేలా ఆకుపచ్చ డబ్బాలో పెట్టాను.