దూకావెందుకు?

మన బడి పాత విద్యార్థుల కలయిక సంచికకు ఏదైనా రాసి పంపమని కమిటీ వాళ్లు మూడుసార్లు ఫోను చేశారు. మూడోసారి మాట్లాడింది మన మానిటరు. ఆ గొంతు వినగానే హోంవర్కు తీసి చూపించే అలవాటు నాకింకా పోలేదు, అందుకే రాస్తున్నాను.

ఆరు, ఏడు తరగతుల్లో ఎవరి పక్కన కూర్చున్నానో కూడా గుర్తు లేదు. గంటలోడి పక్కన అంటున్నారు, అయ్యుండవచ్చు. నాకు గుర్తున్న బడి అంతా తొమ్మిదో తరగతిలోని రెండు సాయంత్రాలే.

మొదటిది తాళ్ల సాయంత్రం. మనకు ఫుట్‌బాల్ నేర్పిన ఈల మాస్టారు జెండా కొయ్య తాడు విప్పి రెండు ముక్కలు చేశారు. (హెడ్మాస్టరు గారూ, అప్పుడు మేమంతా ఎలుకలు కొరికాయని చెప్పాం. ఎలుకల తప్పేమీ లేదు.) ఒక్కో ముక్కను ఒక్కో గోల్‌పోస్టుకు కట్టి, రెండు కొసలూ బంతి దగ్గర కలిపి పట్టుకున్నారు. గోల్‌కీపర్‌నైన నన్ను గోలు గీత మీద నిలబెట్టి చేతులు చాపమన్నారు. తాళ్లు అటూ ఇటూ అందనంత దూరంలో ఉన్నాయి. "ముందుకు రా" అన్నారు. అడుగు వేసిన కొద్దీ తాళ్లు దగ్గరపడ్డాయి. బంతిని సమీపించేసరికి రెండు చేతులకూ రెండు తాళ్లు తగిలాయి. 7.32 మీటర్ల గోలు నా బారలో ఇమిడిపోయింది! సరూప త్రిభుజాలు నాకు లెక్కల తరగతిలో ఎక్కలేదు, అక్కడ ఎక్కాయి. ఆ సంబరంలో మరో రెండు అడుగులు వేశాను. మాస్టారు తాళ్లు వదిలేసి బంతిని నా తల మీదుగా మెల్లగా వేశారు. అది వెనక గోల్లో పడిన చప్పుడు వినిపించింది. "ఇదీ ఉంది మరి" అన్నారు.

రెండోది ఎ సెక్షన్, బి సెక్షన్ ఫైనల్. స్కోరు చెప్పను, బి సెక్షన్ వాళ్లు ముప్ఫై ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. చివరి నిమిషంలో పెనాల్టీ, అంటే కీపర్ ఒక్కడే ఎదురుగా ఉండగా గోలులోకి తన్నే అవకాశం. వేసేది గుండ్రాయి. వాడు పరుగెత్తుకొచ్చి తన్నగానే నేను కుడివైపుకు దూకాను. గొప్పగా దూకాను, ఆ మాట ఇప్పటికీ అంటాను. గుండ్రాయి బూటు ఊడి బంతికన్నా దూరం పోయింది. బంతి మాత్రం నేను అంతకుముందు నిలబడిన చోటు మీదుగానే దొర్లుకుంటూ గోల్లోకి వెళ్లింది. నేను నేల మీద పడుకుని దాన్ని చూస్తూ ఉన్నాను.

అందరూ వెళ్లిపోయాక మాస్టారు వచ్చి పక్కన కూర్చున్నారు. "దూకావెందుకు?" అన్నారు.

"కదలకుండా ఉంటే ప్రయత్నమే చేయలేదంటారని, సార్."

ఆయన తిట్టలేదు. మర్నాటి నుంచి రోజూ అరగంట ఉత్తరం వైపు గోల్లో బంతి లేకుండా నిలబెట్టారు. నాకు దిష్టిబొమ్మ అని పేరు పెట్టింది అప్పుడే. పెట్టినవారు ప్రస్తుతం కమిటీలో ఉన్నారు.

బడి వదిలాక సంగతి క్లుప్తంగా చెబుతాను. 1992లో నిబంధన మారింది. సహచరుడు కావాలని కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో ముట్టుకోకూడదన్నారు. చేతులతో బతుకుదామని బయలుదేరినవాణ్ణి కాళ్లతో ఆడటం మొదటినుంచీ నేర్చుకోవలసి వచ్చింది. పదహారేళ్లు జీతం తీసుకుని ఆడాను. అందులో ఎక్కువ కాలం రెండో కీపర్‌నే. అంటే వారమంతా సాధన చేసి, ఆటనాడు బెంచీ మీద కూర్చుని, మొదటి కీపర్ మోకాలి గురించి పైకి బాధపడటం. ఎవరైనా వయసు సంగతి ఎత్తితే, 1982 ప్రపంచ కప్పును ఇటలీ కీపర్ డీనో జోఫ్ నలభై ఏళ్లకు అందుకున్నాడని చెప్పి ఇంకో ఏడాది ఒప్పందం సంపాదించేవాణ్ణి.

ఇజ్రాయెల్ పరిశోధకులు 286 పెనాల్టీలను పరిశీలించి 2007లో ఒక పత్రం ప్రచురించారు. నూటికి దాదాపు 29 బంతులు గోలు మధ్యకే వచ్చాయట. కీపర్లు మధ్యలో నిలబడింది మాత్రం నూటికి ఆరుసార్లే. కదలకుండా గోల్ ఇస్తే సిగ్గుచేటని దూకేస్తారని వాళ్లు రాశారు. చదువుతుంటే మాస్టారు పక్కన కూర్చున్నట్టు అనిపించింది. 1976 యూరప్ కప్పు ఫైనల్లో పశ్చిమ జర్మనీ కీపర్ సెప్ మాయర్ పక్కకు దూకుతుంటే చెకొస్లోవేకియా ఆటగాడు పనెంకా పెనాల్టీ బంతిని తీరిగ్గా మధ్యలోకి తేల్చాడు. అంతటి మాయరే దూకాడు, నేనెంత?

నిజానికి అన్నేళ్లలో రెండుసార్లే కదలకుండా నిలబడగలిగాను. మొదటిసారి బంతి మూలకు పోయింది, సొంత జట్టు అభిమానులే ఎగతాళిగా ఈల వేశారు. రెండోసారి వచ్చి పొట్టకు తగిలింది. మర్నాడు పత్రికలో కీపర్ అదృష్టవంతుడని రాశారు. ఆ ముక్క కత్తిరించి దాచుకున్నాను. నా మీద వచ్చిన పొగడ్తలు మరికొన్ని ఉన్నాయి, వాటిని మా ఆవిడ దాచింది.

ఇప్పుడు కుర్ర కీపర్లకు కోచ్‌ను. వాళ్లకు నాకంటే మంచి చేతి తొడుగులున్నాయి, వాళ్ల ఆటను కొలవడానికి కంప్యూటర్లున్నాయి. నా సంచిలో రెండు తాళ్లుంటాయి.

మాస్టారు వస్తున్నారని మానిటరు చెప్పాడు. ఉత్తరం వైపు గోలు కూడా అలాగే ఉందట. భోజనాలకు ముందు గుండ్రాయికి ఒక్క పెనాల్టీ ఇప్పించండి. బూటు మాత్రం ఈసారి గట్టిగా కట్టుకుని రమ్మనండి.