మిద్దె తోట యాప్: కిందటి వానాకాలం పద్దుని ఈ ఏటికి కాపీ చేయడం

మా మిద్దె తోట లెక్కల కోసం జాంగోలో (పైథాన్‌తో వెబ్ యాప్‌లు కట్టే ఫ్రేమ్‌వర్క్) ఒక చిన్న యాప్ చేసుకుంటున్నాను. ఈ విడతలో పెట్టుకున్న పని కిందటి సీజన్‌ని కొత్త సీజన్‌గా కాపీ చేయడం. ఏటా వానాకాలంలో ఇంచుమించు అవే వేస్తాం: బీర, సొర, టమాటా, వంగ, గోంగూర. పాత పద్దు తెచ్చుకుని అక్కడక్కడా దిద్దుకుంటే సరిపోతుంది, అంతా మళ్లీ టైప్ చేయడం ఎందుకు?

ఒక్క రికార్డు వరకైతే ఓఆర్‌ఎంలో (డేటాబేస్ టేబుళ్లని పైథాన్ ఆబ్జెక్టులుగా వాడుకోనిచ్చే జాంగో భాగం) పెద్ద పనేం లేదు. ఆబ్జెక్ట్‌ని తెచ్చి, దాని పీకేని (ప్రైమరీ కీ, టేబుల్‌లో రికార్డుని గుర్తుపట్టే కీ) నన్ (ఖాళీ) చేసి, ఇది కొత్త రికార్డని చెప్పడానికి స్టేట్‌లో ఉండే యాడింగ్‌ని ట్రూ చేసి సేవ్ కొడితే కొత్త ఐడీతో ఇంకో రికార్డు పడుతుంది. మోడల్ ఇంకో మోడల్ టేబుల్ నుంచి వారసత్వంగా వచ్చినదైతే పీకేతో పాటు ఐడీని కూడా నన్ చేయాలి. స్లగ్‌కి (వెబ్ అడ్రస్‌లో వచ్చే పొట్టి పేరు) యూనిక్ (రెండు రికార్డులకి ఒకటే ఉండకూడదని) పెట్టాను కాబట్టి సేవ్ చేసే ముందే దాన్ని మార్చాలి, లేకపోతే ఇంటెగ్రిటీ ఎర్రర్ వస్తుంది. సేవ్ అయ్యాక చేతిలో ఉన్న వేరియబుల్ కొత్త సీజన్‌దే. అందుకే పాత సీజన్ మొక్కల జాబితాని ముందే లిస్టుగా తీసి పక్కన పెట్టుకుంటున్నాను.

ఇక్కడిదాకా సీజన్ పేరు మాత్రమే కాపీ అయింది. దాని కింద ఉన్న మొక్కల పద్దులు వాటంతట అవి రావు. నిజానికి రాకపోవడమే మంచిది, ఎందుకంటే ఏది కాపీ కావాలో తేల్చాల్సింది తోట, జాంగో కాదు.

కుండీలు, గ్రో బ్యాగులు మిద్దె మీద ఉన్నవే. వాటికి నకలు తీస్తే లేని కుండీలు పుట్టుకొస్తాయి. కాబట్టి పద్దు నుంచి కుండీని చూపించే ఫారిన్ కీ అలాగే ఉండాలి. విత్తన రకం కూడా అంతే. దొండ, కరివేపాకు, మునగ ఏళ్ల తరబడి ఉండే మొక్కలు. వాటిని సీజన్‌కి మెనీ టు మెనీగా (ఒక మొక్క చాలా సీజన్లకి, ఒక సీజన్ చాలా మొక్కలకి) కలిపాను. పీకే నన్ చేస్తే ఈ లింకులు కొత్త రికార్డుకి రావు కాబట్టి, పాత జాబితాని ముందే పట్టుకుని, సేవ్ అయ్యాక సెట్‌తో కలుపుతున్నాను. మొక్కలు అవే, సీజన్ కొత్తది. టమాటా పద్దుకి మాత్రం కొత్త రికార్డు కావాలి. అందులో కోత బరువు, ఫొటో ఖాళీ చేయాలి. ఫొటో ఫీల్డుని అలాగే వదిలితే రెండు రికార్డులూ ఒకే ఫైల్‌ని చూపిస్తాయి, ఆ ఫైల్ చెరిగితే రెండు చోట్లా బొమ్మ పోతుంది.

నాటిన తేదీలో సంవత్సరం ఒక్కటే మారిస్తే ఫిబ్రవరి 29 దగ్గర వాల్యూ ఎర్రర్ తప్పదు. దాని బదులు రెండు సీజన్ల మొదటి తేదీల మధ్య తేడా తీసి, ప్రతి తేదీకీ అన్ని రోజులే కలుపుతున్నాను. ఆటో నౌ యాడ్ (రికార్డు పుట్టిన తేదీని తనంతట తనే వేసే సెట్టింగ్) ఉన్న తేదీని ముట్టుకోనక్కర్లేదు, కొత్త రికార్డు పడినప్పుడు అదే మారుతుంది.

బాగా టైమ్ పట్టింది తోడు మొక్కల దగ్గర. టమాటా పక్కన బంతి వేస్తాం. ఆ జంటని గుర్తుపెట్టుకోవడానికి పద్దు తన టేబుల్‌లోనే ఇంకో పద్దుని చూపిస్తుంది. ఊరికే కాపీ చేస్తే ఈ ఏటి టమాటా పోయినేటి బంతిని చూపిస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు, అదే టెన్షన్. అందుకే రెండు విడతలుగా చేశాను. మొదటి విడతలో తోడు ఖాళీగా ఉంచి అన్నీ సేవ్ చేస్తూ, పాత ఐడీకి ఎదురుగా కొత్త ఆబ్జెక్ట్‌ని ఒక డిక్షనరీలో రాసుకోవడం. రెండో విడతలో ఆ డిక్షనరీ చూసి తోడుని నింపడం. అడ్మిన్‌లో (జాంగో తనే ఇచ్చే నిర్వహణ పేజీలు) సేవ్ యాజ్‌ని ట్రూ చేస్తే వచ్చే, కొత్త రికార్డుగా సేవ్ చేసే బటన్‌తో నా పని కాకపోవడానికి కారణం ఇదే, అది తోడుని పాత ఐడీతోనే ఉంచేస్తుంది.

బల్క్ క్రియేట్ (చాలా రికార్డులని ఒకేసారి వేసే పద్ధతి) వేగంగా అవుతుంది, కానీ అది సేవ్‌ని పిలవదు, సిగ్నల్స్ (సేవ్ లాంటివి జరిగినప్పుడు మిగతా కోడ్‌కి వెళ్లే కబుర్లు) పంపదు. ఎరువు వేయాల్సిన రోజుల రిమైండర్లు నాకు పోస్ట్ సేవ్ సిగ్నల్‌లోనే తయారవుతాయి. ఇంత చిన్న తోటకి ఒక్కొక్కటిగా సేవ్ చేసినా నష్టం లేదు. అంతా ట్రాన్సాక్షన్ అటామిక్ లోపల పెట్టాను, మధ్యలో ఆగితే సగం సీజన్ మిగలదు.

టెస్టులో చూస్తున్నవి: పాత సీజన్ పద్దుల సంఖ్య మారకూడదు, కుండీల సంఖ్య పెరగకూడదు, కొత్త పద్దులో ఏ తోడూ పాత సీజన్‌ది కాకూడదు. మూడూ పాసవుతున్నాయి. ఇక మిగిలింది పగిలిపోయిన కుండీలని కాపీలోంచి తప్పించడం. దానికి కుండీ మోడల్‌లో 'వాడుకలో ఉంది' అని ఒక బూలియన్ (అవును/కాదు ఫీల్డు) చేర్చాలి.