పెళ్లికి పిలవని రాముడు, బకెట్‌లో దిగిన పానకం

శ్రీరామనవమి దగ్గరికొస్తే నాకు ఇప్పటికీ 2020 ఏప్రిల్ 2 గుర్తొస్తుందండి. ఉగాది రోజే మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు కదా, పచ్చడి ఏదో ఉన్నవాటితో అయిందనిపించాం, వారం తిరిగేసరికి నవమి వచ్చేసింది. మేముండేది లంగర్‌హౌజ్‌లో, డాబా ఎక్కితే గోల్కొండ కోట కనిపిస్తుంది. 3 కిలోమీటర్లు దాటి పోవద్దు, రాత్రి 7 నుంచి పొద్దున 6 దాకా కర్ఫ్యూ, గుళ్లన్నీ మూత. భద్రాచలంలో రాముడి కల్యాణం కూడా ఏటా జరిగే మిథిలా స్టేడియంలో కాదు, భక్తులు లేకుండా గుడిలోనే అన్నారు.

పానకానికి బెల్లం లేదు, కిరాణాలో అయిపోయింది. మా వాచ్‌మన్ అడగడానికి వెళ్తే ఆ కొట్టు చాచా ఇంట్లోంచి అరకిలో తెచ్చిచ్చి, నవమి కదా తీస్కపో అన్నారట, డబ్బులు తీసుకోలేదు. రెండో అంతస్తు బామ్మగారు మిరియాలు, యాలకులు దంచి పానకం కలిపారు, వడపప్పు నానబెట్టారు, కానీ ఒకరింటికి ఒకరం వెళ్లకూడదని మేమే అనుకున్నాం కదా, అందుకని చిన్న స్టీలు బకెట్‌కి తాడు కట్టి బాల్కనీలోంచి దింపారు. ఆ తాడు చేతిలో వణుకుతూ దిగుతుంటే కింద మేమందరం గ్లాసులు పట్టుకుని పైకి చూస్తూ నిలబడ్డాం.

అంతలో టీవీలో జీలకర్ర బెల్లం పెడుతున్నారని ఎవరో కేకేశారు. బామ్మగారు కోటవైపు తిరిగి గట్టిగా అడిగేశారు, "ఏమయ్యా రామా, పిలవకుండా పెళ్లి చేసుకుంటున్నావా, ఏటా నీ పెళ్లికి బియ్యం గోటితో ఒలిచి పంపిన దాన్ని నేను, ఈసారి మర్చిపోయావా?" కింద వాచ్‌మన్ అందుకుని "అమ్మా, రాముని పెండ్లికి కూడ పాస్ కావాల్నా" అన్నాడు. అన్ని బాల్కనీలూ ఒక్కసారి నవ్వాయి, పది రోజుల్లో అంత నవ్వు మా బిల్డింగ్‌లో వినలేదు. నవ్వు ఆగాక బామ్మగారు చెంపలేసుకుని మెల్లగా అన్నారు, "తిట్టాననుకోకు నాయనా, ఉండలేక అన్నాను."

నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకంటే సరిగ్గా ఇదే మాట ఎదురుగా కనిపిస్తున్న ఆ కోటలోనే పుట్టింది. భద్రాచలం గుడి కట్టించినందుకు కంచర్ల గోపన్నని, అదే మన రామదాసుని, గోల్కొండ నవాబు తానీషా కాలంలో ఖైదు చేశారు, పన్నెండేళ్లు అంటారు. ఇప్పటికీ ఆ చీకటి గది గోడ మీద రాముడి రూపం చెక్కి ఉంటుంది, నేను చాలాసార్లు చూశా. అక్కడ కూర్చుని ఆయన ఒక కీర్తనలో రాముడికి లెక్కలు చెప్పాడు. సీతమ్మకి చింతాకు పతకం చేయించా, భరతుడికి పచ్చల పతకం చేయించా, ఇంత ఖర్చయింది, ఇవన్నీ పెట్టుకుని నువ్వు కులుకుతూ తిరుగుతున్నావు, ఎవరబ్బ సొమ్మని? మీ నాన్న దశరథుడు పెట్టాడా, మీ మామ జనకుడు పంపాడా అని నిలదీశాడు. ఆ వెంటనే, అబ్బ తిట్టానని బాధపడకు, ఈ దెబ్బలు ఓర్వలేక అన్నాను అని బతిమాలుకున్నాడు.

చిన్నప్పుడు ఆ కీర్తన పాడేటప్పుడు నాకు నవ్వే వచ్చేది, తిట్టు కదా అని. ఆ రోజు మాత్రం తలుపులు మూసిన గదిలో ఉన్నవాడు ఎవరితో అలా మాట్లాడతాడు అనిపించింది. ఇంట్లో మనిషి అనుకుంటేనే కదా ఖర్చు లెక్కలు చెప్పి మరీ దెప్పేది, వినడంలేదు అనుకుంటే ఎవరూ గొంతు చించుకోరు. మా బామ్మగారికి మనవడు పుణెలో ఇరుక్కుపోయాడు, రోజూ ఫోన్లో ఏడ్చేవారు, రాముణ్ణి మాత్రం దబాయించేవారు. అందులో ఆవిడకి ఎంత ధైర్యం దొరికేదో నేను దగ్గరుండి చూశాను.

మరుసటి ఏడు కూడా కల్యాణం భక్తులు లేకుండానే అయింది. 2022లో మళ్లీ మిథిలా స్టేడియం నిండింది, బామ్మగారు మనవడితో భద్రాచలం వెళ్లి ముత్యాల తలంబ్రాలు తెచ్చి ఇంటింటికీ రెండేసి గింజలు పంచారు, కొట్టు చాచాకి కూడా.

ఇప్పుడు మెట్లెక్కి వెళ్లి తెచ్చుకోవచ్చు, ఎవరూ ఆపరు. అయినా నవమి రోజు ఆ బకెట్టే దిగుతుంది. అడుగున మిరియాల పొడి ఉండిపోయింది, బాగా తిప్పి తాగండే అని పైనుంచి కేకేస్తారు.