పాముకి కొసరి వడ్డించకండి

మా ఇంట్లో రెండు పెంపుడు పాములు, ఒక కార్న్ స్నేక్, ఒక బాల్ పైథాన్ (చిన్న జాతి కొండచిలువ) ఉన్నాయని తెలిశాక ఇక్కడ డాలస్‌లో మనవాళ్ళు మొదట అడిగేది కరుస్తాయా అని, తర్వాత ఏం పెడతారు అని. మా అమ్మయితే ఫోన్లో "పాలు పోస్తున్నావా నాన్నా?" అంది. పోయనమ్మా, పాలు వాటికి అరగవు, నీళ్ళ గిన్నె ఉంటే చాలు.

పెట్టేది ఎలుకలే, ఫ్రోజెన్‌వి. వెంట్రుకలు రాని పసికూనల్ని పింకీలంటారు, నూగు మొలిస్తే ఫజీలు, ఆ పైన హాపర్లు, తర్వాత పెద్దవి. పాము ఒళ్ళు బాగా లావుగా ఉన్నచోట ఎంత మందం ఉందో ఎలుక కూడా అంతే ఉండాలి, పిసరంత ఎక్కువైనా పర్లేదు. త్వరగా పెరుగుతుంది కదా అని మరీ పెద్దది పెడితే కక్కేస్తుంది, అలా కక్కితే పది రోజులైనా ఆగి ఈసారి చిన్నది పెట్టాలి.

పిల్ల కార్న్ స్నేక్‌కి 5-7 రోజులకోసారి, పెద్దదానికి 10-14 రోజులకోసారి. పెద్ద బాల్ పైథాన్‌కి రెండు మూడు వారాలకొకటి చాలు. మనవాళ్ళకి మింగుడుపడనిది ఇదే, వద్దంటున్నా ఇంకో గరిటె వేసే జాతి కదా! ఆ ప్రేమ పాము మీద చూపిస్తే కొవ్వు పట్టి, పొలుసుల మధ్య చర్మం బయటికి కనబడుతుంది.

బతికున్న ఎలుకని మాత్రం వదలకండి. పాముకి ఆకలి లేకపోతే ఎలుకే దాన్ని కొరికి పుండు చేస్తుంది. నేను ముందురోజు రాత్రి ఫ్రీజర్లోంచి ఫ్రిజ్‌లోకి మారుస్తాను, మర్నాడు కవర్లో పెట్టి వేడినీళ్ళలో ఉంచుతాను. మైక్రోవేవ్ జోలికి వెళ్ళొద్దు, ఒకచోట చల్లగా ఉండి ఇంకోచోట ఉడికిపోతుంది. బాల్ పైథాన్ పెదవుల మీది గుంటలు వేడిని పసిగడతాయి, అందుకే ఎలుక తల వెచ్చగా ఉండాలి. పొడుగు పట్టకారుతో పట్టుకుని కొంచెం కదిపితే మెడ వెనక్కి లాగి, నాలుక ఆడించడం ఆపేసి, ఒక్క దెబ్బలో పట్టి చుట్టేస్తుంది. ఎలుక చచ్చిందే అయినా బిగించడం మానదు. తిన్నాక రెండు రోజులు ముట్టుకోవద్దు.

కళ్ళు నీలంగా మసకబారాయంటే కుబుసం విడిచే టైమ్, అప్పుడు చాలావరకు తినవు. బాల్ పైథాన్లయితే చలికాలంలో నెలల తరబడి మానేస్తాయి. కొత్తవాళ్ళకి ఇదే పెద్ద టెన్షన్. ముందు పాముని ఉంచే పెట్టెలో వేడి సరిగ్గా ఉందో లేదో చూడండి, వారానికోసారి వంటింటి త్రాసు మీద తూచి రాసుకోండి. బరువు నిలకడగా ఉంటే దాని మానాన దాన్ని వదిలేయండి, బాగా తగ్గుతుంటే పాముల గురించి తెలిసిన వెట్‌కి చూపించండి. ముట్టని ఎలుకని మళ్ళీ ఫ్రీజర్లో పెట్టకండి, పారేయడమే.