హైదరాబాదుకు తిరిగి వచ్చాక జపనీస్‌ను నిలుపుకున్న తీరు

జపాన్‌లోని నగోయాలో ఆరేళ్లు పనిచేసి 2019లో హైదరాబాదుకు తిరిగి వచ్చినప్పుడు, అక్కడ నేర్చుకున్న జపనీస్ ఎక్కడికి పోతుందిలే అన్న ధీమా నాకుండేది. అది జారిపోతున్న సంగతి ఏడాదిన్నర తరువాత, నగోయాలో మా పక్కింట్లో ఉండే పెద్దావిడతో ఫోనులో మాట్లాడుతున్నప్పుడు తెలిసింది. ఎదుటివారు మనకు ఇస్తే ‘కురేరు’, మనం వారికి ఇస్తే ‘అగేరు’ అనడం ఆ భాషలో తప్పనిసరి. ఆవిడ పంపిన పార్సిల్‌కు కృతజ్ఞత చెబుతూ నేను ‘ఒకుత్తే అగేమషిత’ అన్నాను. అంటే నేనే ఆవిడకు పంపిపెట్టానన్నమాట. ఆవిడ ఒక్క క్షణం ఆగి, ఏమీ జరగనట్టే మాట కొనసాగించారు. ఆ మర్యాదే నన్ను ఎక్కువగా బాధపెట్టింది.

విని అర్థం చేసుకోవడం, చదవడం దాదాపు అలాగే ఉన్నాయి. పోయినవి నోరు, చెయ్యి. ఒకరోజు అమీర్‌పేట మెట్రోలో రైలు కోసం నిలబడి, స్టేషన్ అన్న అర్థంలో ‘ఎకి’ అనే కంజి అక్షరాన్ని (చైనా నుంచి జపనీస్‌లోకి వచ్చిన లిపిలోది) నోటుబుక్కులో రాయబోయాను. పద్నాలుగు గీతల అక్షరం అది. ఎడమవైపు గుర్రాన్ని సూచించే పది గీతలూ పడ్డాయి, కుడివైపు రాయవలసిన నాలుగు గీతల దగ్గర చెయ్యి ఆగిపోయింది. నాలుగు నెలలు వాడిన ఫోను యాప్ ఇందుకు పనికిరాలేదు, ఎందుకంటే ఇచ్చిన జవాబుల్లోంచి ఒకటి ఎంచుకోవడం వేరు, ఏ ఆధారమూ లేకుండా రాయడం వేరు.

అసలు మార్పు మాత్రం, ప్రతి వాక్యాన్నీ ఇంగ్లీషు మీదుగా ఆలోచించడం మానేశాక వచ్చింది. జపనీస్‌లోనూ తెలుగులోలాగే క్రియ చివర వస్తుంది, విభక్తులు నామవాచకం వెనక చేరతాయి. ‘వస్తానని అన్నాడు’లో మన ‘అని’ ఉన్న చోటనే, ‘కురు తో ఇత్త’లో ‘తో’ ఉంటుంది. ‘తబేతే మితే కుదసాయ్’ అంటే అచ్చంగా ‘తిని చూడండి’. మనకు ‘చేసిపెట్టడం’ ఉన్నా, ఎవరు ఎవరికి చేసిపెట్టారో ఆ క్రియ చెప్పదు. నా పొరపాటు అక్కడి నుంచే వచ్చిందని అప్పుడు గ్రహించాను.

అప్పటి నుంచి ప్రతి ఉదయం ఇరవై నిమిషాలు కేటాయిస్తున్నాను. జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ఇచ్చే సులభ జపనీస్ వార్త ఒకటి బిగ్గరగా చదివి, అందులోని మాటలతో మూడు వాక్యాలు చేత్తో రాస్తాను. నెలకొకసారి ఆ పెద్దావిడకు ఫోను చేస్తాను.

మొన్న జూలైలో ఆవిడ ఉమెబోషి అనే ఊరగాయ కోసం ఉప్పులో ఊరిన ఉమె కాయలను మూడు రోజులు ఎండబెడుతున్నానని చెబితే, మేము మాగాయకు మామిడి ముక్కలను ఉప్పులో ఊరబెట్టి ఎండబెడతామని, ఊటను కూడా ఎండలో పెడతామని వివరించాను. ఊటకు మాట దొరక్క తడబడినప్పుడు, తమ కాయల ఊటను ‘ఉమెజు’ అంటామని ఆవిడే అందించారు. మరునాడు ఆ మాటతోనే మూడు వాక్యాలు రాశాను.