మా మగ్గాల చీరల వెబ్‌సైటుకు డొమైన్ పేరు దొరికిన తీరు

మంగళగిరిలో మా ఇంటి మగ్గాల మీద నేసే చీరలను మధ్యవర్తులు లేకుండా నేరుగా అమ్ముదామని ఇంట్లో అందరం అనుకున్న తరువాత, వెబ్‌సైటుకు పేరు వెతికే పని నా మీద పడింది. చేనేత, నేత, చీర వంటి మాటలతో నాకు తోచిన .కామ్ పేర్లన్నీ అప్పటికే ఎవరో ఒకరు తీసేసుకున్నారు. 1985 నుంచీ నమోదవుతున్న .కామ్‌లో చిన్న పేర్లు మిగిలి ఉండటం అరుదే.

బ్రౌజరులో టైపు చేసినప్పుడు పేజీ తెరుచుకోకపోతే ఆ పేరు ఖాళీగా ఉన్నట్టేనని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు; సైటు పెట్టకుండా పేరు మాత్రమే కొని ఉంచుకునేవారు ఎందరో ఉన్నారు. అందుకే నేను ప్రతి .కామ్ పేరునూ డొమైన్ పేర్ల వ్యవస్థను ప్రపంచవ్యాప్తంగా సమన్వయం చేసే ఐకాన్ సంస్థ లుకప్ (పేరు వివరాలు వెతికే) పేజీలోనూ, .ఇన్ పేర్లను వాటిని నిర్వహించే నిక్సీ సంస్థ రిజిస్ట్రీలోనూ (నమోదైన పేర్ల అధికారిక జాబితా) వెతికాను. పేరు ఎప్పుడు నమోదైంది, గడువు ఎప్పటిదాకా ఉంది, ఏ రిజిస్ట్రార్ (పేర్లను నమోదు చేసి ఇచ్చే సంస్థ) దగ్గర ఉంది అనే వివరాలు అక్కడ కనిపిస్తాయి.

నాకు బాగా నచ్చిన ఒక పేరుకు గడువు దగ్గర్లోనే ఉండటంతో ఆశ కలిగింది. అయితే .కామ్ పేరు గడువు ముగిసిన మర్నాడే మన చేతికి రాదు. పాత యజమాని పునరుద్ధరించుకోవడానికి రిజిస్ట్రార్ 45 రోజుల వరకు వ్యవధి ఇవ్వవచ్చు, ఆ పైన ఎక్కువ రుసుముతో తిరిగి తీసుకునేందుకు మరో 30 రోజులు ఉంటాయి, చివరగా తొలగింపు దశ 5 రోజులు. ఆ తరువాత కూడా, అలా విడుదలయ్యే పేర్ల కోసమే కాచుకుని ఉండే సంస్థలతో పోటీ పడాలి. పెళ్లిళ్ల కాలం ముందుండగా అంతకాలం ఆగడం మాకు కుదరదు కనుక ఆ పేరును వదిలేశాను.

అసలు చిక్కంతా తెలుగు మాటను ఇంగ్లిషు అక్షరాల్లో రాయడంలో వచ్చింది. మా కొనుగోలుదారుల్లో ఎక్కువమంది ఒకరి నోట విని వచ్చేవారే కాబట్టి, విన్నవారు తప్పు లేకుండా టైపు చేయగలగడం నాకు అన్నిటికన్నా ముఖ్యం. చీరాలలో ఉండే మా పిన్నికి ఫోన్ చేసి, "పిన్నీ, నేను చెప్పే పేరును ఇంగ్లిషులో ఎలా రాస్తావో వాట్సాప్‌లో పెట్టు" అన్నాను. "అక్షరాలు చెప్పరా" అంది. "చెప్పను, నీకు వినిపించినట్టే రాయి" అన్నాను. 'చేనేత'కు ఆమె చివర టీ పక్కన హెచ్ కలిపింది, మా వదిన టీ ఒక్కటే వేసింది, హైదరాబాదులోని స్నేహితుడు మొదటి అక్షరం దగ్గర రెండు ఈలు పెట్టాడు. 'మగ్గం' అని చెబితే మాత్రం ముగ్గురూ రెండు జీలతో ఒకే విధంగా రాశారు. పేరు మధ్యలో గీత పెట్టడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి గాని, ఫోనులో "మధ్యలో గీత ఉంటుంది" అని ప్రతిసారీ చెప్పవలసి వస్తుంది కనుక దాన్ని పక్కన పెట్టాను. తెలుగు లిపిలోనే .భారత్ పేరు తీసుకునే వీలుంది; అది నాకెంతో ఇష్టమైనా, మా ఖాతాదారుల్లో ఎక్కువమంది ఫోన్లలో ఇంగ్లిషు కీబోర్డే వాడుతున్నందున ముందుగా ఇంగ్లిషు అక్షరాల పేరే తీసుకోవాలనుకున్నాను.

ఊరి పేరు కలుపుదామా అని నాన్నను అడిగాను. "మంగళగిరి పేరు ఊళ్లో మగ్గం ఉన్న ప్రతి ఇంటిదీరా, మనం ఒక్కళ్లం పెట్టేసుకుంటే ఎలా?" అన్నారు. మంగళగిరి చీరలకు, వస్త్రాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. అది ఒక కుటుంబానిది కాదు, అక్కడ నేసేవారందరిదీ. నాన్న మాట నాకు న్యాయంగా తోచింది. చివరికి 'మగ్గం' అనే మాటకు మా ఇంటిపేరు జోడించాం.

ఆ పేరు .కామ్, .ఇన్ రెండింటిలోనూ ఖాళీగానే ఉంది. అయినా వెంటనే డబ్బు కట్టలేదు. ట్రేడ్‌మార్కుల ప్రభుత్వ వెబ్‌సైటులో వస్త్రాలకు 24వ తరగతి, దుస్తులకు 25వ తరగతి కింద వెతికాను. అక్కడ ఉచ్చారణను బట్టి వెతికే వీలు కూడా ఉండటం వల్ల, స్పెల్లింగు వేరైనా ఒకేలా పలికే పేర్లు బయటపడతాయి. వేరొకరి ట్రేడ్‌మార్కును పోలిన పేరును దురుద్దేశంతో తీసుకున్నారని తేలితే, డొమైన్ పేర్ల వివాద పరిష్కార విధానం కింద ఆ పేరును వారికి బదిలీ చేయించవచ్చు. అందుకే ఈ పరిశీలన ఎంత చిన్న వ్యాపారానికైనా అవసరమని గట్టిగా నమ్ముతున్నాను.

ధర చూసేటప్పుడు మొదటి ఏడాది తగ్గింపును కాక పునరుద్ధరణ ధరను, దానిపై 18 శాతం జీఎస్టీని కలిపి లెక్క వేశాను. .కామ్ రిజిస్ట్రీని నడిపే వెరిసైన్ సంస్థ రిజిస్ట్రార్ల వద్ద తీసుకునే ధరను 2024 సెప్టెంబరులో ఏడాదికి 10.26 డాలర్లకు పెంచింది కాబట్టి, అంతకన్నా బాగా తక్కువకు ఇస్తున్నారంటే రెండో ఏడాది ధర ఎంతో ముందే చూసుకోవాలి. రెండు పేర్లనూ సైటు తయారుచేసే వ్యక్తి ఖాతాలో కాకుండా నాన్న పేరు మీద, మా సొంత ఈమెయిలుతో నమోదు చేయించాను. ఈమెయిలు ధ్రువీకరణ లింకును 15 రోజుల్లోగా నొక్కకపోతే .కామ్ పేరును నిలిపివేసే అవకాశం ఉంది కనుక, అది రాగానే నాన్న పక్కన కూర్చుని ఆయన చేతే నొక్కించి, గడువుకు ముందే దానంతటదే పునరుద్ధరణ అయ్యేలా ఆటో రెన్యువల్ ఆన్ చేసి పెట్టాను.