పాత లిఫ్టు మార్చేటప్పుడు క్యాబిన్ చివరి పని

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో 1990లలో కట్టిన అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లలో ఆనాటి లిఫ్టులు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఆరుగురికి సరిపడే, 408 కిలోలు మోసే లిఫ్టు, చేత్తో లాగే గ్రిల్ డోరు, మేడ మీద మెషీన్ రూమ్‌లో లిఫ్టును లాగే గేర్ మెషీన్, పక్కనే దాన్ని నడిపే, టకటకమనే స్విచ్చుల రిలే ప్యానెల్. దీన్ని మార్చాలనే మాట అసోసియేషన్ మీటింగులో రాగానే అందరూ ముందు అడిగేది స్టీల్ క్యాబిన్ గురించి, నేలకు గ్రానైట్ గురించి. కానీ మనుషులకు దెబ్బలు తగిలేది తలుపు దగ్గర, లెవెల్ తప్పి ఆగినచోట, బ్రేకు జారినప్పుడు. డబ్బు ముందు అక్కడ పెట్టాలి.

గ్రానైట్ సంగతే చూడండి. 1.1 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పున్న నేలకు 20 మి.మీ. మందం రాయి పరిస్తే దాదాపు 60 కిలోలు. దానికి స్టీలు గోడలు, ఆటోమేటిక్ డోరు, డోరు మోటారు కలిస్తే క్యాబిన్ బరువు వంద కిలోలకు పైగా పెరగడం మామూలే. రోప్‌ల రెండో కొసన క్యాబిన్‌కు సమతూకంగా వేలాడే కౌంటర్ వెయిట్ మాత్రం పాత క్యాబిన్ బరువుకు, మోసే బరువులో 40 నుంచి 50 శాతం కలిపి అమర్చినది. క్యాబిన్ ఎంత పెరిగితే కౌంటర్ వెయిట్‌కు అంత దిమ్మలు చేర్చాలి. చేర్చకపోతే నిండా ఎక్కినప్పుడు మోటారు వేడెక్కుతుంది, దిగేటప్పుడు బ్రేకు మీద భారం పడుతుంది. దిమ్మలు పెట్టడానికి ఫ్రేములో చోటుందా, పెరిగిన మొత్తం బరువును రోప్‌లు, మెషీన్ ఇరుసు, దాని కింది బీములు మోస్తాయా అన్నది ఆర్డరు ఇవ్వకముందే లెక్క కట్టించాలి. నేలకు పలచటి వినైల్ షీటు వేస్తే ఈ గొడవలో సగం పోతుంది.

మెషీన్ మార్చాలా, ఉంచాలా? గేర్‌బాక్స్ నూనె కొంచెం తీసి తెల్లగుడ్డ మీద వేయండి. బంగారు రంగు రజను మెరిస్తే లోపలి కంచు చక్రం అరుగుతోందన్నమాట. రజను లేక, గేర్ పళ్ల మధ్య సందు ఎక్కువగా లేక, సీళ్ల దగ్గర నూనె కారకపోతే ఆ మెషీన్ ఇంకా పనిచేస్తుంది. అయిదంతస్తులకు, రోజూ ఓ మాదిరి వాడకానికి గేర్ మెషీన్‌ను ఉంచేసి కంట్రోలు మార్చడమే తెలివైన పని. గేర్లు లేకుండా మోటారే నేరుగా పుల్లీని తిప్పే గేర్‌లెస్ మెషీన్ కరెంటు ఆదా చేస్తుంది, నిజమే. కానీ చాలా మోడళ్లకు రోప్ వేసే పద్ధతి మారుతుంది. క్యాబిన్‌కు, కౌంటర్ వెయిట్‌కు కప్పీలు కావాలి, బీములు మార్చాలి. చిన్న భవనంలో ఆ ఖర్చు కరెంటు బిల్లులో తిరిగి రావడం కష్టం.

కంట్రోల్ ప్యానెల్ మార్పే అసలు మార్పు. పాత రెండు వేగాల మోటారు బరువును బట్టి ఒక్కోసారి గడప పైన, ఒక్కోసారి గడప కింద ఆగుతుంది. పెద్దవాళ్లు తట్టుకుని పడేది అక్కడే. మోటారు వేగాన్ని మెల్లగా పెంచి తగ్గించే వి.వి.వి.ఎఫ్. డ్రైవు, మోటారు ఎంత తిరిగిందో దానికి చెప్పే ఎన్‌కోడర్ పెడితే 10 మి.మీ. లోపు తేడాతో ఆగేలా సెట్ చేయొచ్చు. పాత మోటారునే వాడితే అందులోని రెండు వైండింగుల్లో (తీగచుట్టల్లో) వేగానికి పనిచేసేదానికే డ్రైవు కలపాలి. నెమ్మది వైండింగు కొసలను విడివిడిగా ఇన్సులేట్ చేసి వదిలేయాలి. డ్రైవుకు వేడి పడదు. 40 డిగ్రీలు దాటితే చాలా డ్రైవుల సామర్థ్యం తగ్గించి లెక్క వేయాలి, మే నెలలో రేకుల మెషీన్ రూమ్ అంతకంటే ఎక్కువే కాగుతుంది. అందుకే ఎగ్జాస్ట్ ఫ్యాను, నీడ, వాన నీరు కారని కప్పు కూడా ఎస్టిమేటులో ఉండాలి. కరెంటు లీకైతే లైను ఆపేసే ఆర్.సి.సి.బి.ని 30 మిల్లీయాంపులది డ్రైవు లైనులో పెడితే ఊరికే ట్రిప్ అవుతుంది. డ్రైవు తయారీదారు చెప్పిన రకమే వేయించండి. అది ట్రిప్ అవుతోందని ఎర్తింగ్ తీసేసే పని మాత్రం ఎవరినీ చేయనివ్వకండి.

గ్రిల్ డోరు సందుల్లో పిల్లల వేళ్లు, చీర కొంగులు పడతాయి. దాన్ని తీసేయడంలో వాయిదా పనికిరాదు. అయితే పాత షాఫ్టు, అంటే లిఫ్టు తిరిగే గోడల గూడు, ఇరుకు. పక్కకు జరిగే ఆటోమేటిక్ డోరుకు వెడల్పులో, ముందు గడప దగ్గర కూడా చోటు కావాలి, ప్రతి అంతస్తులో గోడ కొట్టాలి. షాఫ్టును పై నుంచి కిందిదాకా దారానికి కట్టిన తూకం గుండు దించి కొలవాలి. కింది అంతస్తు కొలత ఒక్కటే నమ్మితే మూడో అంతస్తులో గోడ 40 మి.మీ. లోపలికి వచ్చి ఉన్న సంగతి డోర్లు దిగాక తెలుస్తుంది. చోటు చాలకపోతే అంతస్తుల్లో చేత్తో తెరిచే రేకు తలుపు, క్యాబిన్‌కు ఆటోమేటిక్ డోరు పెట్టొచ్చు. ఏ తలుపైనా తాళం కొక్కెం కనీసం 7 మి.మీ. లోపలికి దిగాకే లిఫ్టు కదలాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. తాళం కాంటాక్టు పాడైనప్పుడు ప్యానెల్‌లో చిన్న వైరు ముక్కతో షార్ట్ చేసి లిఫ్టు నడిపించే అలవాటు ఉంది. అలా చేస్తే తలుపు తెరిచి ఉన్నా లిఫ్టు కదిలిపోతుంది. క్యాబిన్ లేని చోట తలుపు తెరుచుకుంటే మనిషి నేరుగా గుంతలో పడతాడు. విడి భాగం వచ్చేదాకా లిఫ్టు ఆపేయడమే సరైన పని.

రోప్‌లు మారిస్తే అన్నీ ఒకేసారి మార్చాలి. పుల్లీ గాడులు అరిగి ఉంటే కొత్త రోప్ కూడా తొందరగా పాడవుతుంది, కాబట్టి పుల్లీని చెక్కించాలి లేదా మార్చాలి. క్యాబిన్ పట్టుకుని జారే గైడ్ రెయిళ్లు సాధారణంగా ఉంచేయొచ్చు. సెల్లార్ గుంతలో నీరూరుతుంటే ముందు వాటర్‌ప్రూఫింగ్ చేయించి, తర్వాత క్యాబిన్ మరీ కిందికి వస్తే దెబ్బను ఆపే బఫర్లు బిగించాలి. కరెంటు పోతే దగ్గరి అంతస్తుకు చేర్చే ఏ.ఆర్.డి. తప్పనిసరిగా పెట్టించండి, దాని బ్యాటరీలు రెండు మూడేళ్లకోసారి మార్చాలని రాసి పెట్టుకోండి.

ఒప్పందంలో ప్యానెల్ పాస్‌వర్డు, వైరింగ్ డ్రాయింగులు, డ్రైవు సెట్టింగుల పట్టిక అసోసియేషన్‌కు ఇవ్వాలని రాయించండి. అవి లేకపోతే మరో మెకానిక్ ఎవరూ ఆ ప్యానెల్ ముట్టుకోలేరు. సామాను మొత్తం సెల్లార్‌లో దిగాకే పాత లిఫ్టు ఆపనివ్వండి, పై అంతస్తుల్లో మోకాళ్ల నొప్పులవాళ్లు ఉంటారు.

చివరి వాయిదా డబ్బు పరీక్ష అయ్యేదాకా ఆపండి. 50 కిలోల సిమెంటు బస్తాలు నాలుగు, అంటే మోసే బరువులో దాదాపు సగం వేసి, షాఫ్టు సగంలో పైకి వెళ్లేటప్పుడూ కిందికి వచ్చేటప్పుడూ మోటారు కరెంటు చూడండి. కౌంటర్ వెయిట్‌ను 50 శాతానికి అమర్చి ఉంటే రెండూ దాదాపు సమానంగా ఉండాలి. 40 శాతానికి అమర్చితే బరువు ఆ మేరకు తగ్గించి, 160 కిలోల దగ్గర చూడాలి. తర్వాత మోసే బరువుకు పాతిక శాతం ఎక్కువగా 510 కిలోలు, అంటే పది బస్తాలు, పైన ఇంకో పది కిలోలు వేసి, మనుషులెవరూ లోపల లేకుండా, కిందికి దిగుతుండగా కరెంటు తీయించండి. బ్రేకు ఒక్కటే ఆ బరువును ఆపి పట్టుకోవాలి.